నీళ్ళు కాగేలోపల

కందికట్టె చప్పున అంటుకుంటుంది, చప్పున ఆరిపోతుంది, దాని మీద ఒక తుమ్మమొద్దు పెడితే తప్ప కాగులో నీళ్ళు నిలకడగా కాగవు, మూడేళ్ళు పరాయిదేశంలో ఉండి వచ్చినా ఈ సంగతి చేతులు మరిచిపోలేదు చూశావా అనుకుంటూ నాగులమ్మ మొద్దును పొయ్యిలోకి ఎగదోసి, పొగకు కారిన కళ్ళు కొంగుతో తుడుచుకుంది. ఇంటి పక్క సందులో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద నాయన కాలంనాటి రాగి కాగు, తలెత్తితే ఉదయగిరి కొండ, కొండ మీద ఎండ ఇంకా సగం వరకే దిగింది. లోపల పురిటి గదిలో తొమ్మిది దినాల ఆడబిడ్డ ఉంది. ఆ బిడ్డకు పోయాల్సిన నీళ్ళే ఇవి. నీళ్ళు కాచేది నాగులమ్మే, పోసేది మాత్రం నాగులమ్మ కాదు. సముద్రం దాటినదానివి, పంతులు వచ్చి పుణ్యాహం చేసేదాకా గడప తొక్కొద్దు, బిడ్డను తాకొద్దు, పని చేయకుండా కూర్చోలేవు గనక పొయ్యి దగ్గర కూర్చో, అగ్గికి మైల లేదు అని అమ్మ ఓబులమ్మ నిన్న సాయంత్రమే తేల్చి చెప్పింది. ఆత్మకూరు బస్సు దిగి ట్రంకుపెట్టెతో వాకిట్లో నిలబడ్డ కూతురితో మూడేళ్ళ తర్వాత ఆ ముసలామె అన్న మొదటి మాట అది. రెండో మాట, అన్నం తిన్నావా అని. రెండో మాట విన్నాక మొదటి మాట అంత బరువనిపించలేదు, కాని రాత్రంతా అరుగు మీద పడుకుని లోపల బిడ్డ ఏడుపు వింటుంటే మళ్ళీ బరువెక్కింది. ఆ బిడ్డ తల్లి సుబ్బరత్నమ్మ ఎవరు? అన్న కూతురు. వదిన పురిట్లోనే పోతే, పుట్టిన నాటి నుంచి నాగులమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకుని పెరిగిన పిల్ల. ఆ పిల్ల బిడ్డకు నీళ్ళు పోయడానికి కదా, సముద్రం ఇవతలి ఒడ్డుకు వచ్చింది.

అగ్గికి మైల లేదు. చిన్నప్పటి నుంచి విన్న మాటే అయినా ఇంత పనికొచ్చిన రోజు లేదు. అగ్గికి లేదు, గాలికి లేదు, గంగకు లేదు, మరి సముద్రానికి ఎట్లా వచ్చింది? మన వాగులన్నీ పోయి పెన్నలో కలుస్తాయి, పెన్న పోయి సముద్రంలో కలుస్తుంది, సోమశిల దగ్గర మునిగితే పుణ్యం, ఆ నీళ్ళే ముందుకు పోయాక వాటి మీద ఓడెక్కితే మైల. ఎక్కడో ఒకచోట గీత ఉండాలి గదా, ఇక్కడిదాకా పుణ్యం, ఇక్కడి నుంచి కాదు అని, ఆ గీత ఎక్కడుందో పెంచలకోన నరసింహస్వామికే తెలియాలి. ఆ స్వామి మాత్రం పడుకునేది ఎక్కడ? పాలదైనా సముద్రం సముద్రమే గదా. ఓడ మీద మొదటి వారం వాంతులు తగ్గాక కమ్మీ పట్టుకుని నిలబడితే ఎటు చూసినా నీళ్ళే, ఆయన పడక మీదుగా పోతున్నాననిపించి, నిద్ర లేపకూడదన్నట్టు రెండు రోజులు మెల్లగా అడుగులు వేసింది. స్వామీ, ఇది తప్పయితే ఓడను వెనక్కి తిప్పు, తప్పు కాకపోతే నా చంకలోని ఈ దొరసాని బిడ్డకు కడుపునొప్పి తగ్గించు అని మొక్కుకుంది. మర్నాడు పొద్దున బిడ్డ కడుపునిండా పాలు తాగి నవ్వింది. ఓడ ముందుకే పోయింది. అది ఆయన జవాబే అనుకోవచ్చునా, లేక పసిపిల్లల కడుపునొప్పి ఎట్లాగూ నాలుగో నాటికి తగ్గుతుంది గనక తగ్గిందా? ఆ మాట అనుకున్న వెంటనే లెంపలు వేసుకుంది, స్వామికి పరీక్ష పెట్టడమేమిటని. పక్కనే బట్టలు ఆరేసుకుంటున్న దొరసాని, తనను వెంట తీసుకుపోతున్న ఆ బిడ్డ తల్లి, అది చూసి, ఏం నాగులమ్మా, దోమలా అని అడిగింది.

కాగు అడుగున సన్నగా చిటపట మొదలైంది. ఇంకా చాలాసేపు ఉంది. చేత్తో తాకి చూడబోయి ఆగింది. తాకొచ్చునా? అగ్గికి, గంగకు లేదు సరే, కాగులో నీళ్ళకు అంటుతుందేమో. అమ్మను అడిగితే ఆమె కూడా తడుముకుంటుంది. అసలు ఈ ఇంటికే పది దినాల పురిటి మైల. దేవుడి గూటికి తెర వేసి ఉంది, దీపం లేదు, అన్న గుడికి పోవడం లేదు, ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టడం లేదు. మైల పట్టిన ఇంట్లోకి మైల మనిషి పోతే కొత్తగా పట్టేదేముంది? తడిసిన బట్ట మీద చెంబెడు నీళ్ళు పోస్తే ఇంకెంత తడుస్తుంది? నిన్న ఈ మాటే అమ్మతో అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. పెద్దామె పద్ధతిగా చెప్పిన మాటకు అడ్డం పోవడం తనకు చేతకాదు, పైగా పద్ధతులంటే తనకూ భక్తే, ప్రతిదాన్నీ ప్రశ్నిస్తే రేపు ఏ పండుగకూ ఇల్లలకబుద్ధి పుట్టదు. కాని అడగకుండా ఊరికే లోపల దాచుకున్న ప్రశ్న ఈ కాగులాగే అడుగున చిటపటమంటూ ఉంటుంది. పంతులు సీతారామపురం పెళ్ళికి పోయినాడు, పదకొండో నాటికి వస్తాడు. రెండు రోజులేగా అంటుంది అమ్మ. రెండు రోజులేగాని, ఇన్నాళ్ళు నీళ్ళు పోసిన వెంగమ్మ కూడా అదే పెళ్ళికి పోయింది. నిన్న ఎవరూ పోయలేదు. ఒళ్ళు తుడిచి పడుకోబెట్టినారంతే. అందుకే బిడ్డ రాత్రంతా గింజుకుంది. ఈ రోజు నేనే పోస్తానంటుంది అమ్మ. అరవై ఐదేళ్ళ మనిషి, పీట మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి, కుడి మోకాలు ముడుచుకుంటే చాచుకోదు, చాచుకుంటే ముడుచుకోదు. నూనె రాసిన బిడ్డ చేపపిల్లలాంటిది. ఆ కాళ్ళ మీద నిలుస్తుందా? అది తలుచుకున్నప్పుడల్లా నాగులమ్మ చేతులు తమంతట తామే కదులుతున్నాయి, లేని బిడ్డను పట్టుకున్నట్టు.

అన్న కొండయ్య అరుగు దిగి వచ్చి, పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని బీడీ అంటించుకున్నాడు. యాభై దగ్గర పడినా అమ్మ ఎదురుగా బీడీ కాల్చడు, అందుకని ఈ సందు ఆయనకు గుడితో సమానం. లోపలి సంగతి ఏమిటని అడిగితే, సుబ్బరత్నమ్మ అత్తే పోయాలని మొండికేసిందనీ, అవ్వ పళ్ళెంలో నూనె పోసుకుని మోకాలు నిమురుకుంటూ కూర్చుందనీ, తను మధ్యలో మాట్లాడితే ఇద్దరూ కలిసి తన మీద పడినారనీ చెప్పాడు. తర్వాత పొగ వదిలి నవ్వాడు. ‘నిన్ను ఒక్కదాన్నే అంటే ఎట్లా మే. మొన్న మనకు ఆంధ్ర రాజ్యం వచ్చింది గదా, మద్రాసు పరాయి రాజ్యం అయిపోయింది. సుందరయ్య మామ వారం వారం సరుకుల బేరానికి మద్రాసు పోతుండాడు. ఆయనకు ఎవరు పుణ్యాహం చేస్తారో కనుక్కోమన్నా అమ్మను.’ అమ్మ ఏమన్నదని అడిగితే, చెంబు విసిరింది అన్నాడు. మద్రాసు పేరు వినగానే నాగులమ్మ తల వంచుకుని మొద్దును అనవసరంగా ఒకసారి తిప్పింది. ఆ మద్రాసు పేరుతోనే గదా వచ్చిన చిక్కంతా.

పెళ్ళయిన నాలుగేళ్ళకు మగనికి జబ్బు చేస్తే తీసుకుని ఆత్మకూరు దొరసాని ఆస్పత్రికి పోయింది, మగడు దక్కలేదు, కాని నెలన్నర పాటు పక్కన కూర్చుని చూసుకున్న దొరసాని దక్కింది. ఆస్పత్రిలో పుట్టిన పిల్లలకు నీళ్ళు పోసే పని ఇచ్చింది ఆమె. పనిలో చేరినాక ఇంటికీ ఆస్పత్రికీ మధ్య బస్సులో తిరుగుతూ ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ తర్వాత దొరసానికే బిడ్డ పుట్టింది, ఎల్సీ. తెల్లగా మల్లెమొగ్గలా ఉండేది, నాగులమ్మ కాళ్ళ మీద తప్ప నీళ్ళు పోయించుకునేది కాదు. ఆ దొరకూ దొరసానికీ మూడేళ్ళు సొంత ఊరికి పోయి రమ్మని కబురొచ్చింది. నువ్వూ రా, మా ఇంట్లో మా మనిషిగా ఉండు, ఎల్సీని చూసుకో, మళ్ళీ నిన్ను నీ ఊరికి చేరుస్తాను అన్నది దొరసాని. తెలుగులోనే అన్నది, ఆత్మకూరు తెలుగులో. నాగులమ్మ ఇంటికి వచ్చి అమ్మను అడిగింది. ఆ ఊరు ఎంత దూరమని అమ్మ అడిగితే, మద్రాసుకు అవతల అన్నది. అబద్ధం కాదు గదా. మద్రాసు హార్బరులోనే ఓడెక్కాలి, ఊరు దానికి అవతలే. ఎంత అవతల అని అమ్మ అడగలేదు, తను చెప్పలేదు. అమ్మ మనసులో మద్రాసు దాటి ఇంకో గూడూరంత దూరమో, పోనీ కంచి అంత దూరమో అనుకుని, సరే పండక్కు వస్తుండు అన్నది. అసలు సంగతి అన్న చదివి వినిపించిన మొదటి ఉత్తరంతో తెలిసింది. ఆ రోజు అమ్మ అన్నం తినలేదంట, మరునాడు పెంచలకోనకు ముడుపు కట్టిందంట. ఇదంతా రాత్రి అరుగు మీద అన్న చెప్పాడు. కాబట్టి ఇది సముద్రం మైలేనా, లేక మద్రాసుకు అవతల అన్న మాట మైలా? పంతులు వచ్చి దర్భతో నాలుగు చినుకులు చల్లితే మొదటిది పోతుంది. రెండోది దేనితో పోతుంది?

నీళ్ళు ఇప్పుడు గుయ్యిమని రాగం తీస్తున్నాయి. ఆ దేశంలో దొరసాని ఇంట్లో కూడా చిన్న కెటిల్ ఇట్లాగే పాడేది, బొగ్గుల పొయ్యి గోడలోకి ఉండేది, పొద్దునే అందరికంటే ముందు లేచి ఆ బొగ్గులు రాజేసే పని అడిగి తీసుకుంది, ఎందుకంటే చలి. చలి అంటే ఉదయగిరిలో మాఘమాసం చలి కాదు, ఎముకల్లోకి వచ్చి కూర్చునే చలి. అంత చలిలో ఆ మనుషులు పసిబిడ్డను నాలుగు చక్రాల బండిలో పడుకోబెట్టి, మంచు గాలిలో, ఇంటి బయట తోటలో వదిలేస్తారు. ఊపిరితిత్తులకు మంచిదంట. మొదటి రోజు నాగులమ్మ మూడుసార్లు బిడ్డను లోపలికి ఎత్తుకొచ్చింది, దొరసాని తల్లి, ముసలి దొరసాని, మూడుసార్లు బయటకు తోసుకుపోయింది. నాలుగోసారి నాగులమ్మ రెండు కంబళ్ళు కప్పుకుని బండి పక్కనే కూర్చుంది, అట్లా వారం రోజులు. పాలు పోసేవాడు ఆ కంబళ్ళ కుప్ప కదలడం చూసి సీసాలు కింద పడేసుకున్నాడు. ఆ ముసలామెకు అన్నీ అనుమానాలే, అచ్చం అమ్మలాగే. బిడ్డను రేకు తొట్టిలో కూర్చోబెట్టి తడిపి తీస్తే స్నానమనేది. నేల మీద పీట వేసుకుని కాళ్ళు చాపి బిడ్డను బోర్లా వేసుకుంటే, జారిపడుతుందని కేక పెట్టింది. జారదు, పాదాలు దగ్గరగా చేరిస్తే అవే దిండు, మోకాళ్ళు రెండూ అవే గోడలు, తల కిందుగా చెయ్యి ఉంటుంది, నీళ్ళు చెవిలోకి పోవు. ఈ మాటలన్నీ చెప్పడానికి భాష రాదు, చేసి చూపించింది. ఎల్సీ కాళ్ళ మీదే నిద్రపోయింది. మూడో రోజు ముసలి దొరసాని వచ్చి జగ్గు తీసుకుని, ఎంత పోయాలి అన్నట్టు చూసింది. అప్పటి నుంచి పోసేది ఆమె, రుద్దేది తను. ఇద్దరి మధ్యా ఒక్క భాష లేదు, పోయి అంటే పోసేది, చాలు అంటే ఆపేది.

ఆముదం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, పొయ్యి ముందు ఒక్కతే నవ్వింది. తీసుకుపోయిన ఆముదం రెండు నెలలకే అయిపోయింది. ఆ దేశంలో ఆముదం దొరకదేమో అనుకుంటే మందుల షాపులో చిన్న సీసాల్లో ఉంది. వారానికి నాలుగు సీసాలు కొనేది, రెండు ఎల్సీకి, రెండు ముసలి దొరసాని మోకాళ్ళకు. ఒకరోజు షాపువాడు దొరసానిని పక్కకు పిలిచి, మీ ఇంట్లో అందరికీ అంత ఇబ్బందిగా ఉంటే పెద్ద డాక్టరుకు చూపించండమ్మా అన్నాడంట. ఆ దేశంలో ఆముదం విరేచనానికి తప్ప దేనికీ వాడరు, పైగా దొరసానే డాక్టరు. ఆమె ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. సాంబ్రాణి అయితే ఇంకా పెద్ద గొడవ. నీళ్ళు పోసినాక బొగ్గులు గరిటెలోకి తీసి సాంబ్రాణి వేసి బిడ్డకు పొగ పట్టింది, ఆ గదికి కిటికీ ఉంది గాని పొగ పోయే దారి మనిళ్ళలో ఉన్నట్టు లేదు, అంతా కిటికీలోంచే తెల్లగా బయటకు పోయేసరికి ఎదురింటివాళ్ళు ఇల్లంటుకుందని కబురు పెట్టారు, గంట కొట్టుకుంటూ ఎర్ర బండి వచ్చింది, ఇత్తడి టోపీలు పెట్టుకుని నలుగురు మనుషులు గొట్టం పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, గదిలో పొగ మధ్య ఎల్సీ బోసినోటితో నవ్వుతూ ఉంది. అందులో ఒకాయన టోపీ తీసి, వాసన చూసి, మా అమ్మ పోయే గుడిలో ఇదే వాసన అన్నాడంట. దొరసాని ఆ మాట తెలుగులో చెప్పింది. ఆ రోజు రాత్రి నాగులమ్మ కిటికీ దగ్గర పెట్టుకున్న నరసింహస్వామి పటానికి దండం పెట్టి, స్వామీ, నీకు ఈ ఊరు కొత్త కాదన్నమాట అన్నది.

కాని కొత్తే, ఆయనకు కాకపోయినా ఆయన దీపానికి కొత్త. ఎండాకాలంలో ఆ దేశంలో పొద్దు గుంకదు. దీపం పెట్టే వేళ కోసం కూర్చుని, తొమ్మిదైనా వెలుతురే, పదైనా వెలుతురే, చివరికి పటం ముందే నిద్రపోయింది. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి, అన్నం తిన్న చెయ్యి కడుక్కుని నేరుగా దీపం పెట్టాలి. మన శాస్త్రం ఈ సంగతి ఎరుగునా? రాసిన పెద్దలు ఉదయగిరి కొండ మీద పొద్దు పొడవడం, పొద్దు కుంకడం చూసి రాసి ఉంటారు, అక్కడి పొద్దును చూడలేదు. చూసి ఉంటే ఏమని రాసేవాళ్ళు? తన తెలివికి తోచినట్టు, ఎల్సీ నిద్రపోయే వేళే దీపం వేళ అని పెట్టుకుంది. బిడ్డ కళ్ళు మూస్తే సంధ్య అయినట్టు. అది తప్పో ఒప్పో, ఆ తర్వాత ఒక్క రోజూ దీపం తప్పలేదు. పంతులు పుణ్యాహం చేసేటప్పుడు ఇది అడగాలి. అడిగితే ఆయన ఏమంటాడు? ఆయనా పాపం సీతారామపురం దాటి పోలేదు.

లోపల బిడ్డ ఏడుపు అందుకుంది. మొదట ఉండి ఉండి, తర్వాత ఊపిరి తీసుకోకుండా. నాగులమ్మ నిటారుగా కూర్చుంది. అది ఆకలి ఏడుపు కాదు, పొత్తికడుపు పట్టేసిన ఏడుపూ కాదు, ఒంటి మీద చెయ్యి సరిగా లేని ఏడుపు. దొడ్లో పీట వేస్తున్న చప్పుడు. అమ్మ ఆయాసం. సుబ్బరత్నమ్మ గొంతు, అవ్వా, అవ్వా, కాలు వణుకుతుండాది అవ్వా, అని. కాగు మీద ఆవిరి లేచింది, నీళ్ళు కాగిపోయాయి, ఇంకొంచెం పోతే చన్నీళ్ళు కలుపుకోవాలి. తను ఇక్కడ కూర్చుని చేయగలిగిందేమీ లేదు. గడప రెండు బారల దూరంలో ఉంది, ఇరవై నాలుగు రోజుల సముద్రం దాటిన మనిషికి రెండు బారలు ఎంత? లేచి పోవచ్చు. పోతే అమ్మ ఏమీ అనదు, అది తెలుసు, ఏమీ అనకుండా పక్కకు తిరుగుతుంది, అదే భరించలేదు. గడప దాటేది అమ్మ దాటించాలి గాని తను దాటకూడదు. ఒకసారి చెప్పకుండా దాటింది గదా, చాలు. అప్పుడు ఉత్తరం గుర్తొచ్చింది. నిన్న ఆత్మకూరులో బస్సు మారే ముందు ఆస్పత్రికి పోతే, గాలిమోటారు తపాలాలో తనకంటే ముందే వచ్చి కూర్చున్న దొరసాని ఉత్తరం ఇచ్చారు. అందులో ఒక ఫోటో. బస్సులో నాలుగుసార్లు చూసుకుని జాకెట్టులో దాచుకుంది, ఎవరికీ చూపలేదు, చూపితే సముద్రం గుర్తొస్తుందని. ఇప్పుడు తీసి అన్న చేతిలో పెట్టింది. అమ్మకు చూపించు అన్నది. ఆయన బీడీ ఆర్పి లోపలికి పోయాడు.

ఏడుపు ఆగింది, సుబ్బరత్నమ్మ ఎత్తుకుని ఉంటుంది. ముసలామెకు ఇంట్లో వెలుతురు చాలదు, ఫోటో పట్టుకుని గోడ ఆసరాతో పంచలోకి వచ్చింది, అక్కడా చాలక అరుగు మెట్టు దిగి సందులోకి, ఎండలోకి వచ్చింది. కూతురికి నాలుగు మూరల దూరంలో ఆగింది, నిన్నటి నుంచి అది ఆమె లెక్క పెట్టుకున్న దూరం. ఫోటోను కంటికి దూరంగా పట్టుకుంది, దగ్గరగా పట్టుకుంది. అందులో దొరసాని గౌను మోకాళ్ళ పైకి మడుచుకుని, నేల మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండో కాన్పులో పుట్టిన మగబిడ్డను కాళ్ళ మీద వేసుకుని ఉంది. పక్కన ముసలి దొరసాని జగ్గు వంచుతోంది. మూల ఎల్సీ నిలబడి, నాగులమ్మ ఇచ్చొచ్చిన ఉదయగిరి చెక్కగరిటె నోట్లో పెట్టుకుని చూస్తోంది. నువ్వు పోయిన రోజు బాబు నిద్రపోలేదు నాగులమ్మా, అందుకని నేనే కూర్చున్నాను, మా అమ్మ పోసింది, నిద్రపోయాడు అని దొరసాని రాసింది.

ఓబులమ్మ చాలాసేపు చూసింది. ఇంకా చూడ్డానికి ఒక అడుగు ముందుకు వేసింది, ఫోటోను కూతురి వైపు తిప్పి, వేలు పెట్టింది.

‘పాదాలు ఎడంగా పెట్టింది చూడు. తల నిలవదు. బిడ్డ జారతాడు.’

నాగులమ్మ కూడా చూసింది. నిజమే, ఎడంగానే ఉన్నాయి. నాలుగుసార్లు చూసినా తనకు కనపడలేదు.

‘ఎవరు నేర్పినారు దానికి?’

‘నేనే నేర్పినానమ్మా.’

‘నీకు ఎవరు నేర్పినారు అట్లా?’

‘నాకు నువ్వే గదా నేర్పినావు. నువ్వు చెప్పినట్టే చెప్పినాను. ఆమె సగమే విన్నట్టుండాది.’

ముసలామె మళ్ళీ ఫోటోలోకి తలదూర్చింది. నూనె అంటిన వేలి ముద్ర ఫోటో మీద పడింది, కొంగుతో తుడిచింది. తల్లి దగ్గర నేర్చుకున్నది, ఆ తల్లి తన తల్లి దగ్గర నేర్చుకున్నది, ఈ పీటా ఈ కాళ్ళూ ఈ పాదాల లెక్కా. అవన్నీ ఎప్పుడు పోయాయి, ఎట్లా పోయాయి, తను ఉదయగిరి దాటి నాలుగుసార్లు పెంచలకోనకు తప్ప ఎక్కడికీ పోలేదే.

‘అయితే నేను పోసే నీళ్ళు ఆడదాకా పోయినాయా?’

‘పోయినాయమ్మా.’

‘మద్రాసుకు అవతలదాకా?’

నాగులమ్మ తల ఎత్తింది. అమ్మ ముఖంలో కోపం ఉందేమోనని చూసింది, ఎండకు కళ్ళు చికిలించడమే ఉంది.

‘చాలా అవతలమ్మా. ఓడ మీద ఇరవై నాలుగు దినాలు. అప్పుడు చెప్పలేదు. చెప్తే పోనీవని చెప్పలేదు.’

ఓబులమ్మ ఆ ఇరవై నాలుగు దినాలను నోట్లో వేసుకున్నట్టు కాసేపు పెదవులు కదిపింది. పంచలో నిలబడ్డ కొండయ్య, అట్లయితే సముద్రం మైల నీకూ ఉండాదమ్మా అని మొదలుపెట్టబోయి, తల్లి చూపు పడగానే కొండ మీద ఎండ ఎంత దిగిందో చూడసాగాడు.

‘మళ్ళీ పోతావా?’ అన్నది ఓబులమ్మ, కాగు వైపు చూస్తూ.

‘వచ్చే ఏడు వాళ్ళే ఆత్మకూరు వస్తారంట. రాసింది.’

‘వస్తే ఈడికి తీసుకరా. పాదాలు ఎట్లా పెట్టేది నేను చూపిస్తా.’ ఫోటోను రొంట్లో దోపుకుని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి, తిరగకుండానే అన్నది. ‘నీళ్ళు ముదురుతుండాయి. ముంచుకోనిరా. పంతులు వచ్చినాక ఆయన చెప్పేది ఆయన చెప్తాడు. పది దినాలు ఇల్లే మైల్లో ఉండాది, ఇందులో నీది ఎంతో నాది ఎంతో ఆయనే చూసుకుంటాడు.’

నాగులమ్మ బిందెలోకి నీళ్ళు ముంచేటప్పుడు ఆవిరి ముఖానికి కొట్టింది, కళ్ళు తడిసినా అది ఆవిరే అనుకోవచ్చు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు ముందు పెట్టింది, కొత్తకోడలు పెట్టినట్టు, అది చూసి సుబ్బరత్నమ్మ ఏడుపూ నవ్వూ కలిపి ఒక చప్పుడు చేసింది. దొడ్లో పీట వేసే ఉంది, అమ్మ కూర్చోలేక లేచిన పీట. నాగులమ్మ కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడుచుకుని, కాళ్ళు చాపింది. మూడేళ్ళ క్రితం మద్రాసు హార్బరులో, అంతకుముందు ఆత్మకూరు ఆస్పత్రి వసారాలో, అంతకుముందు ఈ దొడ్లోనే, ఇదే సుబ్బరత్నమ్మకు, ఆ తర్వాత మంచు కురిసే ఊళ్ళో బొగ్గుల పొయ్యి ముందు, ఎక్కడ చాపినా ఇవే కాళ్ళు. బిడ్డను తెచ్చి వేశారు. తొమ్మిది దినాల బరువు, ఆముదం వాసన, అరచెయ్యంత వీపు. ఒక్కసారి కేరుమంది, తర్వాత తల పక్కకు తిప్పి, ఎవరి కాళ్ళో గుర్తుపట్టినట్టు ఊరుకుంది. ఓబులమ్మ చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది. ఇంకా పోయలేదు. వంగి, కూతురి పాదాల వైపే చూస్తోంది.

నాగులమ్మ పాదాలు ఇంకాస్త దగ్గరికి చేర్చుకుంది.